పదకొండో నంబరు, నాలుగు గంటల నాడి

అతను కాగితం మడతలు విప్పి నా బల్ల మీద పరిచి, ఒక గడి మీద వేలు ఆనించాడు.

“సారూ, గీడ ఏం రాసున్నదో జర సదివి చెప్పు.”

తొంభై ఆరు అని రాసి ఉంది. గడికి పైన నాలుగు గంటలు అని వేసి ఉంది. కాగితంలో అదే ఆఖరి గడి. అంతకు ముందరి గడి, రెండు గంటలది, ఖాళీ. కాగితం పై అంచున పదకొండు అనే నంబరు, ఒక రైతు పేరు, వర్ధన్నపేట దగ్గరి ఒక ఊరి పేరు ఉన్నాయి. దవాఖానలో రోగి తల దగ్గర వేలాడదీసే కాగితం అది.

“నాడి,” అన్నాను. “నాలుగింటికి నిమిషానికి తొంభై ఆరు సార్లు కొట్టుకుందని రాశారు.”

“మా ఊరి బడి పంతులు గూడ గదే చెప్పిండు.” వేలు మాత్రం తీయలేదు. “గీయన మా అన్న. మొన్న రెండు గొట్టంగ పానం పోయిందని చెప్పిన్రు. మూడు కాకముందే మునిసిపాలిటీ బండిల ఏస్కొని పోయినం. నాలుగు గొట్టేటాళ్లకు గుంత పూడ్సి, నేను బోరింగు కాడ కాళ్లు కడుక్కుంటాన. మరి గీ నాడి ఎవలది సారూ?”

ఎవరో పొరపాటున రాసి ఉంటారన్నాను.

“పొరపాటే అనుకుందాం. ఏం పొరపాటు? రెండింటి గడిల రాసేది నాలుగింటి గడిల రాసిన్రా? గట్లయితే రెండింటికి మా అన్నకు నాడి ఉన్నట్టే గదా. నేను పానమున్న మనిషి మీద మన్ను పోసిన్నా?”

నేను అప్పుడు ఒక దినపత్రికకు వరంగల్ విలేకరిని. ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషిని ముందు అనుమానించడం మాకు అలవాటు. ఒక పల్లెటూరి మనిషి ప్రశ్నను ఇంత పదునుగా చెక్కి తెచ్చాడంటే వెనుక ఎవరో ఉన్నారనిపించింది. ఏ పార్టీ వాళ్లయినా కావచ్చు, దవాఖానలో పొసగని వాళ్లయినా కావచ్చు.

“నిన్ను ఎవరు పంపారు?” అని అడిగాను.

“మా వదిన పంపింది,” అన్నాడు. “పంతులు సదివిన కాడికెల్లి నా చేతి నీళ్లు ముడ్తలేదు.”

అది డెబ్బైల చివర ఒక వానాకాలం. పదేళ్లకు పైగా దేశదేశాలు తిరుగుతున్న కలరా ఆ ఏడు మా ఊళ్లోకీ వచ్చిందని అందరికీ తెలుసు. కాగితాల మీద మాత్రం రాలేదు. జనం గత్తర అన్నారు. అధికారులు వాంతులు, విరేచనాలు అన్నారు. పరీక్ష నివేదిక చేతికి వచ్చేదాకా కలరా అని రాయవద్దని మా డెస్కు చెప్పింది కాబట్టి నేను అతిసారం అని రాసేవాణ్ణి. ఆ రోజుల్లో మనిషి నోట ఏ మాట వస్తుందో చూసి, అతను ఏం దాస్తున్నాడో అంచనా వేసుకునేవాణ్ణి. నా మాటకూ అదే కొలత వర్తిస్తుందని తోచలేదు.

దవాఖానలో చోటు చాలక ఒక హైస్కూలును గత్తర వార్డుగా మార్చారు. రెండేసి బెంచీలు జోడించి తాడుతో కట్టి మంచాలు చేశారు. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు వేలాడేవి. గోడ మీద సుద్దతో నంబరు, నంబరు కింద మేకు, మేకుకు రోగి కాగితం. బెంచీలు నిండిపోయాక వచ్చినవాళ్లను కింద చాపల మీద పడుకోబెట్టారు. రెండు గంటలకోసారి నాడి చూసి కాగితంలో వేయాలి. డ్యూటీ పట్టీలో నర్సులు నలుగురు. ఒకామె తనే గత్తర పడి మంచాన పడింది. ఒకామె సెలవు పెట్టి పోయింది. ఇంకొకామెను వేరే ఊరికి పంపారు. మిగిలిన ఒక్క సిస్టరు వరంగల్‌లోనే పుట్టి పెరిగిన క్రైస్తవుల అమ్మాయి. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. రెండు వారాలుగా ఇంటికి వెళ్లలేదు. హెడ్మాస్టరు గదిలో బల్ల మీద తల పెట్టుకుని కాసేపు కళ్లు మూసేది, ఎవరో పిలిస్తే లేచేది. ఆమె భర్త రోజూ క్యారియర్ తెచ్చి గేటు బయట నిలబడేవాడు. లోపలికి రానిచ్చేది కాదు.

ఆ కాగితం వార్డు దాటి ఎలా వచ్చిందని అడిగితే తమ్ముడు తడుముకోకుండా చెప్పాడు. అన్న చేతికి వెండి కడియం ఉండేది. బండి ఎక్కించే తొందరలో అది వార్డులోనే ఉండిపోయింది. మర్నాడు అడగడానికి వెళితే ఆయా కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటికి పోయి విప్పితే కడియం, దాంతోపాటు ఇది.

నేను పొద్దున్నే వార్డుకు వెళ్లి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మేకులకు పైన కనిపిస్తున్న కాగితాలు ఒక్కొక్కటే చూశాను. ముందు రోజు గడులు దాదాపు అన్నీ నిండి ఉన్నాయి. ఒక్క మనిషి అంతమంది చేతులు పట్టుకుని, రెండు గంటలకోసారి లెక్కపెట్టి రాయడం కుదిరే పనేనా? నిండుగా కనిపించే రిజిస్టరునే ముందు అనుమానించాలని నాకు పని నేర్పిన పెద్దాయన అనేవాడు. పొద్దున్నే కూర్చుని సాయంత్రం దాకా గడులన్నీ ఒకేసారి నింపేస్తున్నారని నాకు అక్కడే ఖాయమైపోయింది. చనిపోయిన మనిషికి నాలుగింటి నాడి అలాగే వచ్చి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయా అని చూడలేదు. మరి రెండింటి గడి ఎందుకు ఖాళీగా ఉందని నేను ఆగి ఆలోచించలేదు. ముందే నింపే మనిషి మధ్యలో ఒక గడి వదలదు. అది తట్టి ఉంటే ఆ వార్త రాసేవాణ్ణి కాదు.

సిస్టరు మూడో నంబరు ముసలాయన చేయి పట్టుకుంది. జేబు మీద గుచ్చుకున్న గడియారం చూస్తూ పెదవులు కదిపింది. రాసింది. నాలుగో నంబరు దగ్గరికి వెళ్లబోయి, వెనక్కి తిరిగి మళ్లీ ముసలాయన చేయే అందుకుంది.

“బిడ్డా, గిప్పుడే గదా చూసినవ్,” అన్నాడు ఆయన.

“చూసిన్నా?”

“చూసినవ్. రాసినవ్ గూడ. పోనీ మల్లోపారి చూడు, గీసారి జర ఎక్కువ కొడ్తదేమో.”

బకెట్ మోసుకొస్తున్న ఆయా నవ్వింది. సిస్టరు నవ్వలేదు. కాగితంలో ఉన్న అంకె వైపు, అది వేరెవరో రాసినట్టు, కొంచెంసేపు చూసింది. నా నోటు పుస్తకంలో ‘తానేం చేస్తున్నదో ఆమెకే తెలియదు’ అని రాసుకున్నాను. అలసట అనే మాట రాసుకోలేదు.

మొన్న పోయిన పదకొండో నంబరు గురించి అడగాలన్నాను.

“బ్రదర్, జర పక్కకు జరుగు, బకెట్ వస్తాంది.” బకెట్ వెళ్లిపోయాక నా వైపు తిరిగింది. “మొన్నటిది నన్నడుగకు. పొద్దున ఏం తిన్ననో అడుగు, గదే చెప్పలేను.”

తప్పించుకుంటున్నదనుకున్నాను.

ఆయాను బయటికి పిలిచి కడియం సంగతి అడిగాను. ఆ వారంలోనే బ్లీచింగ్ పౌడరు చల్లలేదని సిస్టరు ఆమెను అందరిముందూ కోప్పడిందని నాకు అంతకుముందే తెలుసు. కావాలనే ఆ కాగితంలో చుట్టి ఇచ్చిందేమోనని నా అనుమానం.

“ఏం జెయ్యాలె బిడ్డా,” అంది ఆయా. “ఉత్త కడెం ఇయ్యబోతే గత్తర అంటుతదని వాడు చేయి చాపలే. సచ్చినోని కాయితం ఎట్లైనా పారేసుడే గదా అని, గోడ మొలకున్నది పీకి సుట్టిచ్చిన. నాకు సదువొస్తే గీ బకెట్లు మోద్దునా?”

అక్కడి నుంచి వార్డు మీద అజమాయిషీ ఉన్న అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతవరకూ నాకు ఒక్క కాగితం చూపించింది లేదు. బావుల నీళ్లు పరీక్షించారా, పైపులు ఎక్కడ పగిలాయి అని వారం రోజులుగా అడుగుతుంటే రేపు రమ్మంటూ వచ్చాడు. ఆ రోజు మాత్రం టీ తెప్పించాడు. మరణాల రిజిస్టరు తనే తీసి పేజీ తిప్పి చూపించాడు. పదకొండో నంబరు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

“ఇది మీరు తప్పకుండా రాయాలి,” అన్నాడు. “స్టాఫ్ నిర్లక్ష్యం. మేం యాక్షన్ తీసుకుంటాం.”

“నీళ్ల రిపోర్టు?”

“అది రేపు చూద్దాం.”

బస్సుకు ప్రెస్ కవరు అందాల్సిన వేళ దగ్గర పడింది. రాసి పంపాను. ‘చనిపోయిన రోగికి నాడి’ అని శీర్షిక పెట్టారు. సిస్టరు పేరు రాయలేదు. వార్డులో ఉన్నదే ఒక్క సిస్టరు కాబట్టి పేరు అవసరం కూడా లేదు. ఆ వారం మా పత్రికలో బావుల గురించి, పైపుల గురించి ఒక్క ముక్క రాలేదు. టీ ఎందుకు తెప్పించాడో నాకు వార్త అచ్చయ్యాక అర్థమైంది.

వార్త వచ్చిన పొద్దున స్కూలు గేటు దగ్గరికి వెళ్లేసరికి మైదానంలో మంట మండుతున్నది. వాన ముసురులో మండక మండక పొగ కమ్ముకుంది. చాపలు, గడ్డి, దూది, కాగితాలు. కేసులు తగ్గాయని, మిగిలిన రోగులను దవాఖానకు మార్చి బడి తెరుస్తున్నారని చెప్పారు. తగలబెట్టమని ఆర్డరు ముందు రోజు సాయంత్రమే వచ్చిందన్నారు. ఆ ఆర్డరు చూపించమంటే, ఇక్కడే ఎక్కడో పెట్టాం, దొరకడం లేదన్నారు.

మధ్యాహ్నానికి సిస్టరును వార్డు నుంచి తప్పించారు. చేతిలో ఒక గుడ్డసంచితో గేటు దగ్గరికి నడిచి వచ్చింది. క్యారియర్‌తో నిలబడ్డ భర్త ముందు నన్ను చూశాడు.

“పేపర్ల రాసింది నువ్వేనా అన్నా?”

నేనేనన్నాను.

“మంచిగ రాసినవ్. రెండు వారాల సంది ఇంటికి పంపున్రని బతిమాలుతాన, నా మాట ఎవలు ఇనలే. నీ మాట ఒక్క దినంల ఇన్నరు.”

సిస్టరు మా ఇద్దరి వైపూ చూడలేదు. సంచి అతని చేతికిచ్చి, క్యారియర్ తను తీసుకుని, రిక్షా ఎక్కింది. ఎక్కిన వెంటనే తల వెనక్కి వాలిపోయింది. భర్త ఒక చేత్తో ఆ తలను ఆపుకుంటూ వెళ్లాడు.

నేను మంట దగ్గరికి తిరిగి వెళ్లాను. ఆయా కర్రతో చాపలను మంటలోకి తోస్తున్నది. ఏదో ఒకటి మాట్లాడాలని, పదకొండో నంబరులో ఆ తర్వాత ఎవరిని వేశారని అడిగాను.

“కిందోన్నే మీదికి ఎత్తినం,” అంది.

కిందోడంటే ఎవరని అడిగితే, ఇన్ని రోజులు వచ్చిపోతూ ఇది కూడా తెలుసుకోలేదా అన్నట్టు నన్ను చూసి, విడమరిచి చెప్పింది. చాపల మీద పడుకున్నవాళ్లకు గోడ మీద వేరే నంబర్లు లేవు. పైన బెంచీ మీద ఉన్నవాడి నంబరే కిందివాడికీ నంబరు. పదకొండు మీద, పదకొండు కింద. కాగితాలు రెండూ ఒకే మేకుకు, ముందు మీదివాడిది, వెనుక కిందివాడిది. బెంచీ ఖాళీ కాగానే కిందివాణ్ణి పైకి ఎత్తి, ముందరి కాగితం తీసేయాలి.

“మరి ఆ రోజు తీశారా?”

“నేను కాళ్లు వట్టిన, సిస్టరమ్మ తల వట్టింది. ఎత్తి పండవెట్టంగనే తొమ్మిదో నంబరోడు బెంచి మీదికెల్లి కింద పడ్డడు. ఉరికినం. ముంగటి కాయితం తీసినమో లేదో ఎవలకెరుక. తెల్లారి నేను పీకేటప్పుడు మాత్రం ముంగటనే ఉండె.”

“ఎత్తినప్పుడు ఎంతైంది?”

“గా బండి పోయినంక.”

అంటే మూడు గంటల ప్రాంతంలో. నాలుగింటికి సిస్టరు పదకొండో నంబరు దగ్గరికి వచ్చి, బెంచీ మీద ఉన్న మనిషి చేయి పట్టుకుని, మేకుకు ముందున్న కాగితంలో రాసింది. బతికున్నవాడి నాడి చచ్చినవాడి కాగితంలోకి ఎక్కింది. అదే ఆఖరి గడి కాబట్టి ఆ తర్వాతివి వెనుక కాగితంలో పడి ఉంటాయి. రెండింటి గడి ఖాళీగా ఉన్నది రెండింటికి ఆ రైతుకు నాడి లేదు కాబట్టి. అన్నీ సరిపోయాయి. కిందివాడి కాగితంలో నాలుగింటి గడి ఖాళీగా ఉంటే ఇక అనుమానమే ఉండదు.

“వెనుక ఉన్న కాగితం ఎక్కడుంది?”

ఆయా కర్రతో మంట వైపు చూపించింది.

తమ్ముడు రెండు రోజుల తర్వాత వచ్చాడు. అతని దగ్గరున్న కాగితాన్ని విచారణ కోసం తీసుకుని, ముట్టినట్టు ఒక చీటీ ఇచ్చారట. నేను మీద, కింద సంగతి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. నా వార్తలో ఒకటి రాసి, ఇప్పుడు నోటితో ఇంకొకటి చెబుతున్నానని అతను గమనించకపోలేదు.

“పేపర్ల గిట్ల రాయలేదు గదా సారూ.”

“అప్పుడు నాకు తెలియదు.”

“ఇప్పుడు తెలిసిందా, లేకుంటె నన్ను సముదాయించాలని చెప్తానవా?”

తెలిసిందన్నాను.

“కిందోన్ని నేను చూసిన. చెవికి రాగి పోగుండె. నర్సంపేట దిక్కు మనిషి. వడ్ల లారోళ్లు దింపి పోయిన్రు. వాని తోని ఎవలు లేకుంటె, దూప దూప అంటాంటె నేనే రెండుసార్లు నీళ్లు తాపిన. వాడు ఉన్నడా?”

ఆ సంగతి ఆయాను మంట దగ్గరే అడిగితే, మర్నాడు లేచి వెళ్లిపోయాడనుకుంటానని చెప్పింది. అనుకుంటానని మాత్రమే చెప్పింది. నేను ఆ సందేహాన్ని తీసేసి, వెళ్లిపోయాడట అన్నాను.

“అయితే దొరుకుతడు. నాలుగు గొట్టంగ సిస్టరమ్మ నీ చేయి వట్టుకున్నదా అని అడుగుత. వట్టుకున్నదంటే వదిన ముంగటికి తోల్కపోత. నా మాట, నీ మాట ఆమె నమ్మది.”

విచారణ జరిగిందని విన్నాను. ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలకు సిస్టరును కేసముద్రం అవతల ఒక ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారని తెలిసింది.

ఎనభైల మొదట్లో కేసముద్రం మార్కెట్ యార్డు వార్త కోసం వెళ్లినప్పుడు ఆమెను చూడటానికి వెళ్లాను. కొంచెం ఒళ్లు చేసింది. బాలింతలకు మాత్రలు ఇస్తున్నది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కూర్చోమంది. నేను క్షమాపణ లాంటిది ఏదో మొదలుపెట్టి, కిందివాణ్ణి మీదికి ఎత్తిన సంగతి చెప్పాను. ఆ తొంభై ఆరు అతనిదేనని నేను తేల్చుకున్నానన్నాను.

“విచారణల గూడ గట్లనే చెప్పుమన్నరు,” అంది. “చెప్తే నా ఇంక్రిమెంట్ గూడ ఆపకపోదురు. నేను చెప్పలే.”

“ఎందుకు?”

“యాదికి లేదు బ్రదర్. లేనిది ఉన్నదని ఎట్ల చెప్పాలె?”

మాత్రల డబ్బా మూతపెట్టి, తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది.

“ట్రైనింగ్‌ల మొదటి దినం చెప్తరు. నాడి బొటనేలుతోని చూడొద్దు, అవతలోని నాడి గాదు, నీ నాడే నీకు కొడ్తదని. గా దినాలల్ల మందునీళ్లల్ల నాని నాని నా వేళ్లు మొద్దుబారినయ్. ఒకసారి చూస్కుంటె బొటనేలుతోనే వట్టుకొని లెక్క వెడ్తాన. గప్పటికి ఎంతమందికి గట్ల చూసిన్నో తెల్వదు.”

“అంటే ఆ తొంభై ఆరు మీదా?”

“నాది కావచ్చు. కిందోనిది కావచ్చు.” మాత్రల డబ్బా పక్కకు జరిపింది. “రెండింటికి నాడి దొరుకుతలేదని డాక్టరుకు చెప్పింది నేనే. ఆయన పక్క రూంల సెలైన్ ఎక్కిస్తాండు, నా మాట మీదనే రాసిండు. గత్తరల నాడి మణికట్టు కాడ దొరకకుంట పోతది, సెలైన్ ఎక్కినంక మల్ల వస్తది. గట్ల లేసి కూసున్నోళ్లను గూడ చూసిన. మొద్దుబారిన వేళ్లతోని నేను దొరకలే అన్న. నాలుగింటిది నన్ను అడుగుతరు అందరు. రెండింటిది ఒక్కలు గూడ అడగలే.”

బయట ఒక బాలింత పిలిస్తే లేచి వెళ్లింది. మళ్లీ వచ్చి టీ తాగుతావా అని అడిగింది. ఆ అధికారి తెప్పించిన టీ గుర్తొచ్చి ఎంత జంకానో ఆమెకు తెలియదు. తాగాను. ఆమె నాతో చెప్పిన దాంట్లో కూడా ఎంత నమ్మాలో దారిపొడుగునా తూచుకుంటూనే వచ్చాను. తన మీద తనే ఇంత పెద్ద అనుమానం వేసుకునే మనిషికి అబద్ధంతో పని ఏముంటుందని చివరికి అనిపించింది. అయినా ఆ మాటలను నేను ఎక్కడా రాయలేదు. తమ్ముడికీ చెప్పలేదు.

అతను నాకు ఆఖరిసారి నర్సంపేటలో, అంగడి రోజున కనిపించాడు. అప్పటికి ఎనభైలు సగం గడిచాయి. పత్తి బండ్ల మధ్య నిలబడి వచ్చేపోయే మగవాళ్ల చెవుల వైపు చూస్తున్నాడు. తల నెరుస్తున్నది. నన్ను చూసి నమస్తే పెట్టాడు.

“దొరికాడా?”

“లేదు సారూ. చెవికి పోగున్నోళ్లు తక్కువైతాన్రు. ఉన్నోళ్లనడిగితే, నీకేం పని, నా పోగు కొంటవా అంటాన్రు.”

కాగితం సంగతి అడిగాను. జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి చూపించాడు. కాగితం ముట్టినట్టు విచారణ వాళ్లు ఇచ్చినది అదే. తిరిగి ఇవ్వమని మూడుసార్లు అర్జీ పెట్టాడట. మూడుసార్లూ ఫైలు వేరే ఆఫీసులో ఉందన్నారట.

“వదిన ఎట్లా ఉంది?”

“మంచిగనే ఉన్నది. ఆమె పొలం నేనే దున్నుతాన. మధ్యాహ్నం బువ్వ ఆమెనే తెచ్చి పెడ్తది. నా తోని మంచిగనే మాట్లాడుతది,” అన్నాడు. “నీళ్లు మాత్రం ఇంటికెల్లి తెచ్చుకుంటది.”